పెరటి యంత్రాలు, ఇంటి వీడియోలు: చెన్నై పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈశాన్య ఋతుపవనాల వానలకు చెన్నై పెరళ్ళలో గడ్డి మోకాలెత్తు పెరిగే రోజులివి. విదేశాల్లోని పిల్లలు సెలవులకు ఇంటికి వచ్చే రోజులు కూడా ఇవే. ఈ నెల అందిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఈ రెండింటి చుట్టూ తిరిగాయి. తోటపనికి కరెంటు యంత్రాలు ఏవి కొనాలని కొందరు అడిగితే, ఇంట్లో చూసుకునే సినిమా డిస్కుల గురించి, పాత పెళ్ళి క్యాసెట్ల గురించి మరికొందరు అడిగారు. వాటిలో ఆరింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మాది పాలవాక్కంలో ఒక గ్రౌండు (2,400 చదరపు అడుగుల) స్థలంలో కట్టిన ఇల్లు. వెనుక దాదాపు 600 చదరపు అడుగుల పచ్చిక, ప్రహరీ వెంట కంచె మొక్కలు ఉన్నాయి. మేమిద్దరం రిటైరైన వాళ్ళం. న్యూజెర్సీలో ఉంటున్న మా అబ్బాయి డిసెంబరులో వస్తూ గడ్డి కోసే యంత్రం, కంచె కత్తిరించే యంత్రం, వాటితో పాటు మాకు ఇష్టమైన సినిమాల బ్లూ-రే డిస్కులు తెస్తానంటున్నాడు. అక్కడ ధరలు బాగా తగ్గిస్తారట. తెమ్మనమంటారా, ఇక్కడే కొనుక్కోమంటారా? (పాఠకురాలు, పాలవాక్కం)

జవాబు: యంత్రాలు వద్దనండి. డిస్కుల్లో మాత్రం చూసి ఏరినవి తెప్పించుకోవచ్చు. ఇదే సందేహం మరికొందరు కూడా రాశారు కనుక కారణాలు కాస్త వివరంగా చెబుతాను.

అమెరికాలో ఇళ్ళకు వచ్చే కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మనకు వచ్చేది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అక్కడి వైరు యంత్రానికి ప్లగ్ మార్చి ఇక్కడి సాకెట్‌లో పెడితే, మోటారు ఓర్చుకోగలిగిన దానికి దాదాపు రెట్టింపు వోల్టేజి దానికి అందుతుంది. వైండింగు, అంటే మోటారు లోపలి తీగచుట్ట, కాలిపోవడానికి ఎంతోసేపు పట్టదు. వోల్టేజి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోవచ్చు కదా అంటారేమో. 1,400 వాట్ల గడ్డి యంత్రానికి 2,000 వి.ఏ. (వోల్ట్-ఆంపియర్ల) ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. అంత బరువైన దిమ్మెను మోసుకొచ్చి తడి పెరట్లో పెట్టి, దానికి అటొక వైరు, ఇటొక వైరు లాగి పని చేయమని మీ ఇద్దరికీ నేను ఎంతమాత్రం సలహా ఇవ్వలేను.

బ్యాటరీ యంత్రాల సంగతి కొంత వేరు. అక్కడ గోడ కరెంటుతో పని యంత్రానికి కాదు, చార్జరుకే. చార్జరు అడుగున అంటించిన చీటీ మీద 100–240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని రాసి ఉంటే అది ఇక్కడా పని చేస్తుంది. 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని మాత్రమే ఉంటే చేయదు. అమెరికాలో అమ్మే పనిముట్ల చార్జర్లలో ఈ రెండో రకం చాలా ఉంటాయి. ఫోను చార్జరు రెండు దేశాల్లోనూ పని చేస్తోందని దీన్ని కూడా అలాగే అనుకోవడం సహజమే గాని, అది పొరపాటు.

విమాన ప్రయాణం ఇంకొక చిక్కు. విడి లిథియం బ్యాటరీలను కింద వేసే లగేజీలో పెట్టనివ్వరు. చేతి సంచిలోనే తేవాలి. వోల్టులను ఆంపియర్-అవర్లతో (బ్యాటరీ ఎంత చార్జి పట్టగలదో చెప్పే అంకె) గుణిస్తే వచ్చే వాట్-అవర్ల లెక్క 100 దాటితే విమాన సంస్థ అనుమతి కావాలి, 160 దాటితే ప్రయాణికులు తీసుకురావడానికే వీల్లేదు. 18 వోల్టుల, 4 ఆంపియర్-అవర్ల బ్యాటరీ 72 వాట్-అవర్లు కనుక ఇబ్బంది లేదు. పెద్ద గడ్డి యంత్రాలకు ఇచ్చే 36 వోల్టుల, 5 ఆంపియర్-అవర్ల బ్యాటరీ మాత్రం 180 అవుతుంది. మీ అబ్బాయి దాన్ని విమానాశ్రయంలోనే వదిలి రావలసి వస్తుంది.

ఇవన్నీ ఒక ఎత్తు, తరువాత వచ్చే మరమ్మతులు ఒక ఎత్తు. కొన్నేళ్ళ కిందట ధర తక్కువని ఒక కంపెనీవారి బ్యాటరీ హెడ్జ్ ట్రిమ్మర్ (కంచె కత్తిరించే యంత్రం) కొన్నాను. మూడేళ్ళకు బ్యాటరీలో చార్జి నిలవడం మానేసింది. కొత్త బ్యాటరీ అడిగితే ఆ రకం తయారు చేయడం ఆపేశామన్నారు. మోటారు, గేర్లు, పళ్ళు కొత్తవాటిలా ఉన్న ఆ యంత్రం ఇప్పటికీ మా అటక మీద ఉంది, నాకు దాన్ని పారేయడానికి మనసు రాలేదు. అప్పటి నుంచి నేను యంత్రాన్ని చూసే ముందు దాని బ్యాటరీని చూస్తున్నాను. ఆ బ్యాటరీ ఎన్నేళ్ళుగా మార్కెట్లో ఉంది, అది ఇంకా ఏయే పనిముట్లకు సరిపోతుంది, చెన్నైలో విడిగా దొరుకుతుందా అన్న మూడు ప్రశ్నలకు దుకాణదారు తడుముకోకుండా జవాబు చెబితేనే ధర అడుగుతాను. మకిటా కంపెనీ 18 వోల్టుల బ్యాటరీ వరుస 2005లో మొదలై నేటికీ నడుస్తోంది. మన్నిక అంటే నా దృష్టిలో అది. ఒకే కంపెనీ పేరున్నంత మాత్రాన అన్నీ ఒకదానికొకటి సరిపోతాయనుకోకండి. బాష్‌లో ఇంటివాడకానికి చేసే ఆకుపచ్చ పనిముట్ల 18 వోల్టుల బ్యాటరీ, వృత్తిదారుల కోసం చేసే నీలం పనిముట్లకు పట్టదు.

ఇక మీ పెరటికి ఏది కావాలన్నది. 600 చదరపు అడుగులంటే సుమారు 56 చదరపు మీటర్లు. 32 సెంటీమీటర్ల వెడల్పు కోసే చిన్న మోవర్‌ను (గడ్డి కోసే యంత్రాన్ని) వరుస మీద వరుస కొంచెం ఎక్కిస్తూ నడిపినా మొత్తం నడక 200 మీటర్లే. మలుపులు, గడ్డి డబ్బా ఖాళీ చేయడం అన్నీ కలిపి ఇరవై నిమిషాల పని. దీనికి ఖరీదైన బ్యాటరీ మోవర్ అవసరం లేదు. వైరుతో నడిచే 1,000 నుంచి 1,400 వాట్లది చాలు. మీది కొరియన్ గడ్డి అయి, వారం వారం కోసే ఓపిక ఉంటే, కరెంటే అక్కరలేని, చేత్తో తోసే సిలిండర్ మోవర్ ఇంకా నయం. అది గడ్డిని కత్తెరలా కోస్తుంది, చీల్చదు. కాకపోతే వానల్లో వదిలేసి ఏపుగా పెరిగిన గడ్డి దానికి లొంగదు. ఏ యంత్రమైనా ఒక్కసారికి గడ్డి ఎత్తులో మూడో వంతుకు మించి కోయకండి; మించితే మొదళ్ళు ఎండకు పసుపు పడతాయి.

కంచెకు మాత్రం బ్యాటరీ యంత్రమే కొనండి. వైరు యంత్రంతో కంచె కత్తిరించేవారు ఆకుల చాటున కనిపించని తమ వైరునే కోసుకోవడం చాలాచోట్ల జరిగేదే. కొనే ముందు పళ్ళ మధ్య సందు ఎంతో అడగండి. ఇంటివాడకం యంత్రాల్లో అది 15 నుంచి 20 మిల్లీమీటర్లు ఉంటుంది, అంతకంటే లావైన కొమ్మ అందులో దూరదు. మీ కంచె గోరింటైతే సరిపోతుంది. ముదిరిన బోగన్‌విలియా అయితే ముందు రంపంతో లావు కొమ్మలు తీసేయాలి. మీరు సముద్రానికి దగ్గర కనుక ఉప్పుగాలికి పళ్ళు త్వరగా తుప్పుపడతాయి. పని అయిన ప్రతిసారీ బ్యాటరీ తీసి, పళ్ళకు అంటిన జిగురు తుడిచి, పలచగా నూనె రాసి, పెరటి రేకుల షెడ్డులో కాకుండా ఇంటి లోపల పెట్టండి. జార్జిటౌన్‌లో పనిముట్లు అమ్మే వీధులకు ఒక ఉదయం వెళ్ళి, యంత్రాన్ని చేతికి తీసుకుని, చేయి చాచి కొన్ని నిమిషాలు పట్టుకుని చూశాకే కొనండి. మూడు కిలోల బరువు దుకాణంలో తేలికే, భుజమెత్తు కంచె దగ్గర కాదు.

డిస్కుల విషయం. సినిమా డిస్కులకు ప్రాంతాల విభజన ఉంటుంది. డి.వి.డి.ల్లో అమెరికా 1వ ప్రాంతం, మన దేశం 5వది. బ్లూ-రేలో అమెరికా ఎ, మనం సి. ఇక్కడి ప్లేయరు ఎ ముద్ర మాత్రమే ఉన్న బ్లూ-రేను తిరస్కరిస్తుంది. అయితే అన్ని ప్రాంతాలకూ పనికి వచ్చేలా ఎ, బి, సి మూడు అక్షరాలతో వచ్చేవి కూడా బాగానే ఉంటాయి. అట్ట వెనుక ఆ ముద్ర చూసి తెమ్మనండి. 4కె అల్ట్రా హెచ్.డి. డిస్కులకు ప్రాంతాల తాళం లేదు, కాని వాటికి 4కె ప్లేయరే కావాలి. మామూలు బ్లూ-రే ప్లేయరు వాటిని చదవదు. ప్లేయరును కూడా అక్కడి నుంచే తెస్తానంటే మళ్ళీ 120 వోల్టుల దగ్గరకే వస్తాం. దాని వెనుక చీటీ కూడా చదవాల్సిందే.

ప్రశ్న: ఒక దుకాణంలో 18 వోల్టుల ట్రిమ్మర్, పక్క దుకాణంలో దాదాపు అదే ధరకు 20 వోల్టుల ట్రిమ్మర్ చూపించారు. రెండోది శక్తిమంతమైనదేనా? (పాఠకుడు, విల్లివాక్కం)

జవాబు: రెండూ ఒకటే. లోపల ఉండేవి అయిదు లిథియం సెల్స్. ఒక్కొక్కటి సగటున 3.6 వోల్టులు ఇస్తుంది కనుక మొత్తం 18. అప్పుడే చార్జి చేసి తీసినప్పుడు కాసేపు 20 దాటి చూపిస్తుంది. ఆ అంకెనే కొందరు ‘20 వోల్టుల మాక్స్’ అని పెట్టె మీద వేస్తారు. మీరు పోల్చవలసింది ఆంపియర్-అవర్లు. 2 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో 36 వాట్-అవర్ల శక్తి ఉంటుంది. ట్రిమ్మర్ 250 వాట్లు లాగితే అది తొమ్మిది నిమిషాలు కూడా రాదు. 4 ఆంపియర్-అవర్లది పదిహేడు నిమిషాలు వస్తుంది.

ప్రశ్న: వరండా సాకెట్ నుంచి 30 మీటర్ల చుట్టవైరు పెట్టి 1,000 వాట్ల గడ్డి ట్రిమ్మర్ నడుపుతున్నాను. పది నిమిషాలకే చుట్ట చేయి పెట్టలేనంత వేడెక్కుతోంది. ట్రిమ్మర్‌కు రెండు పిన్నుల ప్లగ్గే ఉంది, ఎర్త్ లేదు. ఇది ప్రమాదమా? (పాఠకుడు, అంబత్తూరు)

జవాబు: వేడి ప్రమాదమే, వెంటనే సరిచేసుకోండి. 1,000 వాట్ల యంత్రం 4.3 ఆంపియర్లు లాగుతుంది. మీ వైరు 0.75 చదరపు మిల్లీమీటర్లదైతే, పోను రాను 60 మీటర్ల రాగిలో దాదాపు 30 వాట్లు వేడిగా పోతాయి. వైరు నేల మీద పరిచి ఉంటే ఆ వేడి గాలికి పోతుంది. మీరు పది మీటర్లు లాగి మిగిలిన ఇరవై మీటర్లను చుట్టలోనే ఉంచితే ఆ భాగంలో పుట్టే వేడంతా అక్కడే పోగై, పైపూత మెత్తబడి, ఒక రోజు లోపలి తీగలు రెండూ కలుస్తాయి. ఎంత దూరం అవసరమైనా సరే, పని మొదలుపెట్టే ముందు వైరును పూర్తిగా విప్పి పరవండి. వీలైతే 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుకు మారండి. వేడి సగానికి తగ్గుతుంది. ఐ.ఎస్.ఐ. గుర్తు చూసి కొనండి, ఎందుకంటే అల్యూమినియం తీగకు రాగి పూత పూసి రాగి వైరని అమ్మేవారు ఉన్నారు. కోసిన కొనను చాకుతో గీకితే తెల్లగా కనిపిస్తుంది.

ఎర్త్ గురించి కంగారు పడకండి. యంత్రం మీద చదరంలో చదరం గీసిన గుర్తు ఉంటే దానికి రెండు పొరల ఇన్సులేషన్ ఉందని అర్థం. అలాంటివాటికి ఎర్త్ పిన్ను ఉండదు. కాని ఆ రక్షణ మీ వైరుకు లేదు. తెగిన వైరు తడి గడ్డిలో పడితే కాపాడేది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి., అంటే కరెంటు లీకైన వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చు, ఒక్కటే. మీ వరండా సాకెట్‌కు అది లేకపోతే ట్రిమ్మర్ పక్కన పెట్టి ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ఈ విషయంలో నేను రాజీపడి మాట్లాడలేను. కళ్ళద్దాలు, మూసిన చెప్పులు లేకుండా ట్రిమ్మర్‌లో గడ్డి కోసే నైలాన్ తీగను తిప్పకండి. అది విసిరే గులకరాయి కంటి దగ్గర ఆగదు.

ప్రశ్న: 2023 డిసెంబరు మిచాంగ్ తుపానులో మా ఇంట్లోకి నీళ్ళు వచ్చి బ్యాటరీ ట్రిమ్మర్, వైరు మోవర్, డి.వి.డి. ప్లేయరు, ఒక పెట్టెడు సినిమా డిస్కులు మునిగాయి. ఆరబెట్టి అటక మీద పెట్టాం. ఇప్పుడు వాడుకోవచ్చా? (పాఠకురాలు, వేలచ్చేరి)

జవాబు: బ్యాటరీని చార్జి చేయకండి. పైకి ఆరినట్టు కనిపించినా మురుగునీటి ఉప్పులు లోపలి సర్క్యూట్‌ను కొరికేసి ఉంటాయి. చార్జికి పెట్టినప్పుడు అది ఉబ్బి మంటలు లేవవచ్చు. ఈ రోజే అటక మీది నుంచి దించి, తగలబడే వస్తువులేవీ దగ్గర లేని చోట, ఇంటి బయట నీడలో పెట్టండి. 2022 బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం వాడేసిన బ్యాటరీలను వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారులది. కొన్న దుకాణంలోనో, కంపెనీ సర్వీసు కేంద్రంలోనో అప్పగించండి. చెత్తబుట్టలో మాత్రం వేయకండి.

మోవర్‌ను బాగు చేయించవచ్చు. మోటారు వైండింగు చేసేవారికి ఇచ్చి, మెగ్గర్‌తో ఇన్సులేషన్ పరీక్ష చేయించి, బేరింగులు, కార్బన్ బ్రష్‌లు మార్పించాక వాడండి. ప్లేయరు మీద డబ్బు పెట్టకండి. డిస్కులు మాత్రం పోలేదు. మంచినీళ్ళలో రెండు చుక్కల గిన్నెల సబ్బు వేసి కడిగి, మెత్తటి నూలు గుడ్డతో నడిమి నుంచి అంచు వైపుకు తుడవండి. గుండ్రంగా తుడవకూడదు, గీత పడితే డేటా వెంబడే పడుతుంది.

ప్రశ్న: సినిమాలన్నీ ఫోనులోనే దొరుకుతుంటే ఇంకా డిస్కులు కొనడం దండగ అంటున్నారు మా పిల్లలు. మీ అభిప్రాయం? (పాఠకుడు, టి. నగర్)

జవాబు: ఒకసారి చూసి వదిలేసే సినిమాకు డిస్కు అక్కరలేదు. పది కాలాలపాటు చూడాలనుకునేదానికి మాత్రం కొనండి. నెలకింత కట్టి చూసే చోట హక్కుల గడువు తీరిన సినిమా చెప్పకుండానే మాయమవుతుంది. పాత తెలుగు సినిమాలకు మరొక కారణం కూడా ఉంది. ఒకప్పుడు మన ఇళ్ళకు వచ్చిన వి.సి.డి. చిత్రం 352×288 చుక్కలే, ఒక సినిమా రెండు మూడు డిస్కులుగా వచ్చేది. డి.వి.డి.లో అది 720×576. 2007 ప్రాంతంలో మోజర్ బేర్ కంపెనీ వి.సి.డి.ని 28 రూపాయలకు, డి.వి.డి.ని 34 రూపాయలకు అమ్మినప్పుడు మనలో చాలామంది ఆరు రూపాయలు మిగలడమే చూసి వి.సి.డి.లు కొన్నాం. అవి ఈనాటి పెద్ద టీవీల మీద మసకగా కనిపిస్తాయి. ఇప్పుడు పాత సరుకులో వెతికేటప్పుడు అట్ట మీద డి.వి.డి. అని ఉన్నదే తీసుకోండి. దుకాణంలోనే వెనుక వైపు వెలుతురుకు పెట్టి చూడండి. అచ్చువేసిన అసలు డిస్కు వెండిరంగులో ఉంటుంది; ఊదా ఛాయ ఉంటే అది ఎవరో కంప్యూటర్‌లో రాసిన నకలు. తమిళనాడు ప్రభుత్వం వీడియో పైరసీని 2004లోనే గూండాల చట్టం కిందకు తెచ్చింది. అమ్మకందారు ఎంత తక్కువకు ఇస్తానన్నా నకలు కొనకండి. అది తీసినవారికి మనం చేసే అన్యాయం.

ప్రశ్న: 1991లో జరిగిన మా పెళ్ళి వీడియో క్యాసెట్ బీరువాలో ఉంది. మా అత్తగారు, మామగారు కదులుతూ మాట్లాడుతూ కనిపించేది అందులో ఒక్కదానిలోనే. టేపు అంచున తెల్లటి బూజు కనిపిస్తోంది. ఎవరో పాత వి.సి.ఆర్. అమ్ముతామంటున్నారు. కొని వేసి చూడమంటారా? (పాఠకురాలు, పెరంబూరు)

జవాబు: దయచేసి వేయకండి. ఆ బూజు ఫంగస్. చెన్నై తేమగాలికి మూసిన బీరువాల్లో క్యాసెట్లకు పట్టేది ఇదే. తిప్పితే అది టేపు పొడవునా అంటుకుని, వి.సి.ఆర్. హెడ్‌లను మూసేసి, టేపును లోపల చుట్టి తెంపే అవకాశం ఉంది. క్యాసెట్‌ను ముందుకు గాని వెనక్కు గాని తిప్పకుండా, ఒక మూత ఉన్న డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో కలిపి నిలువుగా పెట్టండి. మిగిలిన క్యాసెట్లకు దూరంగా ఉంచండి.

క్యాసెట్లను డిజిటల్‌గా మార్చే పనివారికి ఇచ్చే ముందు కొన్ని విషయాలు అడిగి తేల్చుకోవాలి. వి.సి.ఆర్.లు తయారు చేస్తున్న చివరి కంపెనీ, జపాను ఫునాయ్, 2016 జులైలో ఆపేసింది. అప్పటి నుంచి ఎవరి దగ్గర ఉన్నా అవి పాత యంత్రాలే కనుక, మొదట వారు తమ యంత్రాన్ని ఎలా శుభ్రం చేసుకుంటారో అడగండి. బూజు పట్టిన టేపును యంత్రంలో వేయక ముందే, విడిగా తుడిచి శుభ్రం చేసే పని తెలుసా అని అడగండి. తెలియదంటే మర్యాదగా వెనక్కి తెచ్చేసుకోండి. ఎలా వచ్చినా చాలనుకోకుండా మన దేశపు టీవీ పద్ధతి అయిన ‘పాల్’లో, 720×576 చుక్కల్లో, సెకనుకు 25 ఫ్రేములతో తీయమనండి. టీవీ వెడల్పు నిండాలని చిత్రాన్ని సాగదీయవద్దని ప్రత్యేకంగా చెప్పండి. లేకపోతే మీ మామగారు పొట్టిగా, లావుగా కనిపిస్తారు. మూడు గంటల ఇ-180 క్యాసెట్‌ను ఒకే డి.వి.డి.లో కుక్కి ఇస్తామంటే ఒప్పుకోకండి. పెద్ద ఫైలుగా పెన్‌డ్రైవ్‌లోనో హార్డ్‌డిస్కులోనో అడగండి. గంటకు 13 జి.బి. తీసుకునే డి.వి. రకం ఫైలు ఇవ్వగలిగితే అన్నిటికంటే మేలు. చూడటానికి చిన్న ఫైలు దాని నుంచి ఎప్పుడైనా చేసుకోవచ్చు.

పని జరిగేటప్పుడు మీరు పక్కనే కూర్చునే వీలుంటే కూర్చోండి. పాత టేపు ఒక్కొక్కసారి ఒక్కసారే ఆడుతుంది. ఆ ఒక్కసారి చిత్రం వణికితే ట్రాకింగ్ సరిచేయమని అడగడానికి ఎవరో ఒకరు తెర మీద దృష్టి పెట్టి ఉండాలి. ఫైలు చేతికి అందాక క్యాసెట్‌ను పారేయకండి. ఒక నకలు మీ దగ్గర, మరొకటి వేరే ఊళ్ళో ఉంటున్న పిల్లల దగ్గర పెట్టండి. సంవత్సరానికి ఒకసారి, పెళ్ళిరోజున, రెండింటినీ తెరిచి చివరి వరకు ఆడుతున్నాయో లేదో చూసుకోండి.